చలికాలంలో చర్మం పొట్టు రాలేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

ప్రశ్న:
మా అమ్మగారికి 65 ఏళ్ళు. చలికాలం రాగానే ఆమె మోకాలి కింది చర్మం, గీస్తే తెల్లగీత పడేంతగా ఎండి పొట్టు రాలుతోంది. ఆరోగ్యకరమైన చర్మానికీ దీనికీ నిర్మాణంలో తేడా ఏమిటో దయచేసి వివరించగలరా?

మొదటి సమాధానం:
తేడా ముఖ్యంగా బాహ్యచర్మపు పైపొర అయిన స్ట్రాటమ్ కార్నియమ్‌లో ఉంటుందండి. ఒంటిపై చాలాచోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండిన మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉండగా, సెరమైడ్లు (ఒక రకం కొవ్వులు), కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు వాటి మధ్య సున్నంలా నిలిచి లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపుతాయి. ఈ పొరలో నీరు సుమారు 10 శాతం కంటే తగ్గితే అది పెళుసుబారి పగులుతుంది.

రెండవ సమాధానం:
ఆరోగ్యకరమైన చర్మంలోనూ మృతకణాలు రోజూ రాలుతూనే ఉంటాయి, అయితే విడివిడిగా రాలడం వల్ల కంటికి కనిపించవు. కణాల మధ్య బంధాలను తెంచే ఎంజైములకు నీరు అవసరం కనుక, తేమ తగ్గినప్పుడు అవి మందగించి, కణాలు గుంపులుగా అంటుకుని పొలుసులుగా ఊడుతాయి. అందుకే పొట్టును పీచుతో రుద్ది తీయడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

మూడవ సమాధానం:
వయసుతో చర్మంలోని కొవ్వులు తగ్గుతాయి, పైగా పిక్కల మీద నూనె గ్రంథులు తక్కువ. గోరువెచ్చని నీటితో స్నానం చేయించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాజలీన్ రాయండి. దురద తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి.