జంపఖానాలకు సహజ రంగులేస్తే నిజంగ మేలేనా? చిన్న యూనిట్లోళ్లు చెప్పండి

మగ్గం_చెల్లె: హన్మకొండల చిన్న యూనిట్ నాది. ముగ్గురు నేతన్నలు కొత్తవాడలనే నేస్తరు, నేను రంగు, అచ్చులు చూసుకుంట. ఏడాది సంది కరక్కాయ, దానిమ్మ తొక్క, నీలిమందు తోటే చేస్తున్నం. ఖర్చు మస్తు పెరిగింది, ధర 400 పెంచిన. చిన్నోళ్లం ఇంత చేసుడు అవసరమా, లేక మామూలు రంగులే వాడాల్నా?

రంగుల_షెడ్డు: అద్దకంల 12 ఏండ్లు చేసిన, అందుకే చెప్తున్న. సహజం అనంగనే మంచిదని కాదు చెల్లె. కరక్కాయల నానబెట్టాలె, పటికెయ్యాలె, ఉడకబెట్టాలె, మళ్ల మూడు నాలుగు నీళ్లల్ల జాడియ్యాలె, గా నీళ్లెక్కడివి, పొయ్యిల కట్టెలెక్కడివి? కొందరైతే రంగు నిలవాలని మైలుతుత్తం కూడ వేస్తరు, అది మోరీలకు పోతే చెరువుల చేపలకు విషమే. నీలిమందు హైడ్రోస్, కాస్టిక్ సోడా లాంటి కెమికల్స్ వేసి కరిగిస్తే ఇంక మామూలు రంగుకు దానికి తేడా ఏంది?

మగ్గం_చెల్లె: అన్నా, నేను హైడ్రోస్ ముట్ట. బెల్లం, సున్నం వేసి తొట్టి పులియబెడ్త. మైలుతుత్తం అసలే వాడ. నీళ్ల సంగతి మాత్రం నిజమే, ఆఖరి జాడింపు నీళ్లు దాసి మరునాడు మొదటి కడుగుడుకు వాడుతున్న.

ఓరుగల్లు_67: పార్సెల్ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటదా లేదా?

మగ్గం_చెల్లె: ఉంటది సార్. వానాకాలం బట్ట సంచిల పంపితే రెండు తడిసి మరకలు పడి వాపస్ వచ్చినయ్.

ఓరుగల్లు_67: 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు ఎన్నో బంద్ చేసిన్రు కద. కవర్ ప్లాస్టిక్‌ది పెట్టి లోపల కరక్కాయ రంగంటే ఎట్ల నమ్మాలె?

రంగుల_షెడ్డు: అది కొన్ని సామాన్లకే సార్, కొరియర్ కవర్ వేరే. నీళ్ల ముచ్చట మాట్లాడుకుందాం.

ఓరుగల్లు_67: వేరే అయితే భూమిల కరుగుతదా? కవర్ కవరే.

సుబేదారి_పిల్ల: ఉతికితే రంగు పోతదా? నాకు గదొక్కటి చెప్పండి.

పంజా_కొడుకు: ఇంతసేపు చదివిన, ఒక్కరన్న నేసెటోని మాట ఎత్తలే. మా నాయిన 30 ఏండ్లు జంపఖానాలు నేసిండు. ఒక షాపాయన సహజ రంగుల ఆర్డర్ ఇచ్చిండు, షాపుల ధర డబల్, నాయినకు మాత్రం పీసుకు పాత కూలే. చెట్ల రంగు ఒక కండెకు ఒక తీరు వస్తది, నూలు రంగు తేడా ఉందని పీసు రిజెక్ట్ చేసి కూలి కోసిండు. రంగు ఆయనేసిండా, నాయినేసిండా? 2018ల వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకే, జీఐ ట్యాగ్ (ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు) వచ్చింది నేతకు, కరక్కాయకు కాదు. చెల్లె, నువ్వు 400 పెంచినన్నవ్, అండ్ల నేతకెంత పోయింది?

మగ్గం_చెల్లె: నన్ను ఆ షాపాయనతో జమకట్టకు. రాత్రి పదకొండు దాక తొట్టి కలుపుత నేను. లాభం మిగిలిన నెల ఒక్కటి లేదు.

పంజా_కొడుకు: కష్టం లేదనలే. ఎంత పోయిందని అడిగిన.

మగ్గం_చెల్లె: 20.

రంగుల_షెడ్డు: ఇరవయ్యా?

మగ్గం_చెల్లె: అవును. మిగతాది కరక్కాయకు, కట్టెలకు, వాపస్ వచ్చిన పార్సెళ్లకే పోయింది. కోత కూడ కోసిన, బతుకమ్మ ముంగట రెండు పీసులకు, నీలం ఒక దిక్కు పల్చగ వచ్చిందని. నా తొట్టి సరిగ పులియలే, వాళ్ల తప్పేం లేదు. రాస్తుంటే ఇప్పుడు తెలుస్తుంది.

ఓరుగల్లు_67: కవర్ల సంగతి తేల్చలేదమ్మా.

మగ్గం_చెల్లె: కార్టన్ డబ్బకు మైనం కాయితం చుట్టి చూస్త సార్. అన్నా, ఆ రెండు పీసుల పైసలు రేపే ఇస్త. శనారం ముగ్గురిని కూసోబెట్టి రేటు మాట్లాడ్త.

పంజా_కొడుకు: మాట్లాడినంక ఎంతో ఇక్కడ రాయి.