ఇంటర్ బైపీసీ తర్వాత డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ చదువులు: నెల్లూరు, ఒంగోలు వైపు అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కావలి వాసి:
మా చెల్లెలు ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో బీడీఎస్‌కు కూడా సరిపడా మార్కులు రాలేదు. మళ్లీ ఏడాది కోచింగ్ అంటే తనకు ఇష్టం లేదు, ఇంట్లో ఓపికా లేదు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ అతను ‘ఆరు నెలల డెంటల్ డిగ్రీ, అవగానే విదేశీ ఉద్యోగం’ అంటున్నాడు. ఆరు నెలల్లో అయిపోయే డిగ్రీ ఏమిటో నాకు అంతుపట్టలేదు. పళ్ల వైద్యంలో డాక్టరు కాకుండా మిగతా పనులకు అసలు గుర్తింపు ఉన్న చదువులు ఏవి? మన వైపు పని దొరుకుతుందా? నర్సింగ్‌లో చేర్పించమనే సలహా బంధువులంతా ఇప్పటికే ఇచ్చారు కాబట్టి, దయచేసి అది తప్ప ఇంకేదైనా చెప్పండి.

పొగతోట డెంటిస్టు:
ఆ కన్సల్టెన్సీ అతన్ని ఒకే ప్రశ్న అడగండి: చదువు అయ్యాక రాష్ట్ర దంత మండలిలో పేరు నమోదవుతుందా లేదా? మాట దాటవేస్తే లేచి వచ్చేయండి.

1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టరు కాక మరో ఇద్దరిని గుర్తించింది. మొదటివారు హైజీనిస్టు. పళ్ల మీద గార తీయడం, శుభ్రం చేయడం, మెరుగు పెట్టడం, నోటి శుభ్రత నేర్పడం వీరి పని. రెండోవారు మెకానిక్. కట్టుడు పళ్లు, క్యాపులు, క్లిప్పులు తయారు చేయడం, బాగు చేయడం వీరి పని. రెండూ ఇంటర్ సైన్సు తర్వాత రెండేళ్ల చదువులు, గుర్తింపు ఉన్న సంస్థలోనే చదవాలి. 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. అది ఈ పాత చట్టం స్థానంలోకి వచ్చేది. కాబట్టి చేరే ముందు ఆ సంస్థ గుర్తింపు పత్రం ఏ తేదీదో, ఎవరు ఇచ్చారో చూడండి. గోడకు తగిలించిన ఫొటో కాపీని నమ్మొద్దు.

పని సంగతి దాచకుండా చెబుతాను. నా క్లినిక్‌లో హైజీనిస్టు లేరు. నెల్లూరు పొగతోటలో నాకు తెలిసిన చాలా క్లినిక్‌లలోనూ లేరు. మన చిన్న క్లినిక్‌లకు రోజూ నిలకడగా వచ్చే ఆదాయం స్కేలింగే (గార తీయడమే), దాన్ని డాక్టరే చేసుకుంటారు. పైగా కుర్చీలో కూర్చున్న పెద్దాయన ‘డాక్టర్ గారు చేయరా?’ అని అడుగుతాడు. హైజీనిస్టులకు పని ఉన్నది పెద్ద ఆసుపత్రుల్లో, డెంటల్ కాలేజీల్లో, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ గొలుసు క్లినిక్‌లలో. మెకానిక్‌ల సంగతి వేరు. మంచి మెకానిక్ దొరికితే మేమే వెంటపడి తిరుగుతాం.

పొదిలి సుజాత:
డాక్టర్ గారూ, మీరు చెప్పిన ఇద్దరిలోకీ రానివాళ్లమే క్లినిక్‌లు నడిపేది. నేను పదో తరగతి. కుర్చీ పక్కన నిలబడి అన్నీ చూసి నేర్చుకున్నాను. నోట్లో నీళ్లు లాగే సక్షన్ గొట్టం పట్టుకోవడం, సిమెంటు కలపడం, ఎక్స్‌రే ఫిల్మ్ కడగడం, సాయంత్రం పరికరాలు శుభ్రం చేయడం అన్నీ నావే. మాకు పేరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

నేను మొదట పనిచేసిన చోట పరికరాలను గిన్నెలో మరగబెట్టి తీసేవాళ్లు. నాకూ అదే నేర్పారు. తర్వాత చేరిన చోట మేడమ్ గారు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) దగ్గర నిలబెట్టి చూపించారు. మరిగే నీళ్ల వేడికి కొన్ని క్రిములు చస్తాయి గానీ వాటి బీజాలు చావవట. ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీలకు వెళ్లి కనీసం 15 నిమిషాలు ఉండాలి. పరికరాలు తడిగా, కుక్కినట్టు పెడితే ఆవిరి మధ్యలోకి పోదు. పరికరాలు పెట్టే సంచి మీద గీత రంగు మారిందంటే వేడి తగిలిందని మాత్రమే అర్థం, లోపల పూర్తిగా శుభ్రమైందని కాదు. ఇదంతా నాకు చదువులో ఎవరూ చెప్పలేదు. అందుకే చెల్లెమ్మ చదువుకునే వస్తే మంచిదంటాను. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. ఏ కోర్సులో చేరినా ముందు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించండి. మొదటి రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. సూది గుచ్చుకున్నాక పరుగెత్తేవాళ్లను చాలామందిని చూశాను.

ప్లాస్టర్ చేతులు:
ఒంగోలులో కట్టుడు పళ్లు, క్యాపులు చేసే ల్యాబు నడుపుతున్నాను. మెకానిక్ చదువు మీద నా మాట కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

కాలేజీలో రెండేళ్లు నేర్పేది ప్రధానంగా కట్టుడు పళ్లు. మైనం మీద పళ్లు పేర్చి, దాన్ని ఫ్లాస్కు అనే లోహపు పెట్టెలో ప్లాస్టర్ మధ్య బిగించి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ కూరుస్తాం. పొడి, ద్రవం కలిపాక మొదట ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆపైన ముద్ద అవుతుంది. వేలికి అంటని ఆ ముద్ద దశలోనే కూర్చాలి. ముందు కూరిస్తే లోపల బుడగలు, ఆలస్యమైతే రబ్బరులా ఎదురుతిరిగి పళ్ల వరసే జరుగుతుంది. తర్వాత నీళ్లలో ఉడకబెట్టడం. మంచి పద్ధతి 74 డిగ్రీల దగ్గర ఎనిమిది తొమ్మిది గంటలు. తొందరగా కావాలంటే 74 దగ్గర రెండు గంటలు ఉంచి, తర్వాత 100కు తీసుకెళ్లి ఒక గంట. నేరుగా మరిగే నీళ్లలో పడేస్తే లోపలి ద్రవమే మరిగి సెట్టు మందంగా ఉన్నచోట తూట్లు పడుతుంది. ఫ్లాస్కును చల్లారనిచ్చి తెరవాలి. వేడిగా తెరిస్తే వంకర తిరుగుతుంది. ఆ వంకర ముసలమ్మ అంగిలికి తెలుస్తుంది గానీ మన కంటికి కనిపించదు.

ఇక ప్రాణం తీసే విషయం నోట్లో తీసే అచ్చులు. ఆల్జినేట్ అనే మెత్తటి పదార్థంతో తీసిన అచ్చు గాలికి ఉంటే నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, నీళ్లలో ముంచితే ఉబ్బుతుంది. తడి గుడ్డ చుట్టి వెంటనే స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసేయాలి. మన జిల్లాల్లో కొందరు డాక్టర్లు ఉదయం తీసిన అచ్చును సాయంత్రం బస్సు పార్శిల్‌లో పంపుతారు. కనిగిరి నుంచి ఎండలో ఊగుతూ వచ్చిన అచ్చుతో నేను చేసిన సెట్టు నోట్లో కూర్చోకపోతే తిట్లు నాకే. ఇప్పుడు మా ల్యాబుకు అచ్చు రాదు, క్లినిక్‌లోనే పోసిన స్టోన్ మోడల్ రావాలి. ఈ నియమం పెట్టాక కొందరు పాత డాక్టర్లు మానేశారు. మానేయనీ.

కాలేజీలో సరిగా రానిది ఒకటుంది, రంగు కలపడం. పంటి రంగు పోల్చి చూసే షేడ్ గైడులో 16 రంగులుంటాయి. కనిగిరి, పామూరు వైపు మనిషికి ఆ 16లో ఏదీ సరిపోదు. ఫ్లోరైడ్ నీళ్లతో పక్క పళ్ల మీద సుద్ద తెలుపు గీతలు, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. మధ్యలో తెల్లటి క్యాపు పెడితే దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ మచ్చల్ని క్యాపు మీద సన్నని కుంచెతో వేసి కాల్చాలి. పక్క పళ్ల ఫొటో పగటి వెలుతురులో తీసి పంపమని డాక్టర్లను బతిమాలుతుంటాను.

కంప్యూటర్ డిజైన్, మిల్లింగ్ యంత్రాలు వచ్చాయి కాబట్టి చేతిపని అక్కరలేదని ఎవరైనా అంటే నమ్మకండి. తెర మీద పన్ను గీసేవాడికి పన్ను ఆకారం చేతికి తెలిసి ఉండాలి. మా దగ్గర కంప్యూటర్ మాత్రమే వచ్చిన కుర్రాడు గీసిన దవడపన్ను నున్నగా, గోళీకాయలా వచ్చింది.

రిటైర్డ్ మాస్టారు, కందుకూరు:
అందరూ బాగా చెబుతున్నారు. మా అమ్మాయి అనుభవం కూడా వినండి. హైజీనిస్టు కోర్సే చేసింది. కాలేజీ పేరు రాయను. మొదటి ఏడాది పాఠాలు బాగానే జరిగాయి. రెండో ఏడాది రోగుల మీద చేయించాల్సిన సమయంలో ఓపీ చీటీలు రాయించడం, ఫైళ్లు మోయించడం. స్కేలింగ్ కేసులన్నీ బీడీఎస్ పిల్లలకే పోయేవి, వాళ్లకూ లెక్క చూపించాలి కదా. అడిగితే ‘చూస్తే వస్తుందమ్మా’ అన్నారట. చూస్తే ఈత వస్తుందా? చివరికి బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాక అక్కడి సీనియర్ దగ్గర చేయి తిరిగింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రెండేళ్ల ఫీజు నేనే కట్టాను.

కాబట్టి కావలి అబ్బాయీ, చేరే ముందు రెండో ఏడాది విద్యార్థులను క్యాంటీన్ దగ్గర పట్టుకుని అడుగు. ‘ఈ నెలలో మీ చేత్తో ఎంతమందికి చేశారు?’ అని. ప్రిన్సిపల్ గదిలో అడిగితే నిజం రాదు.

బీడీఎస్ హౌస్‌సర్జన్:
మాస్టారు చెప్పింది నిజమే, కేసుల కోసం మేము కొట్టుకుంటాం. మా బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. కేసులు నిండకపోతే సంతకం పడదు. హైజీనిస్టు విద్యార్థులు నలిగిపోయేది అక్కడే.

అయినా పొగతోట సార్‌తో నాకు పేచీ ఉంది. హైజీనిస్టు అంటే గార తీసే మనిషి అన్నట్టు రాశారు. ఉదయగిరి వైపు క్యాంపుకు వెళ్లినప్పుడు ఒక బడిలో పిల్లలంతా ముందు పళ్లు చేత్తో మూసుకుని నవ్వుతున్నారు. ఒక తల్లి వచ్చి ‘ఇటుక పొడితో తోమించినా పోవడం లేదమ్మా, గార తీసేయండి’ అంది. అది గార కాదు, ఫ్లోరోసిస్. పన్ను దవడలో తయారవుతున్నప్పుడే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన ఫ్లోరైడ్ నీటి వల్ల పన్ను పై పొర అయిన ఎనామిల్‌లోనే పడిన మచ్చ. పైపైన తీస్తే పోదు, ఇటుక పొడితో తోమితే ఉన్న ఎనామిల్ అరిగిపోతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని మన ప్రమాణం. ఆమెకు కావలసింది స్కేలింగ్ కాదు. చిన్నవాడికైనా ఏ నీళ్లు పట్టాలో, పేస్టు ఎంత పెట్టాలో, ఉమ్మేయడం ఎలా నేర్పాలో చెప్పే మనిషి కావాలి. మేము బస్సు దిగి, చూసి, వరసగా రాసుకుని, మళ్లీ బస్సెక్కాం. చట్టంలోని ‘నోటి శుభ్రత నేర్పడం’ అనే ముక్క ఉన్నది ఇలాంటి పనికే. ఆ ఉద్యోగాలు మండలానికి ఒకటి చొప్పున ఎందుకు లేవో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పొగతోట డెంటిస్టు:
పేచీ ఒప్పుకుంటున్నాను. కానీ అమ్మా, లేని పోస్టు కోసం ఆ అమ్మాయిని చదవమనలేం కదా.

గూడూరు నుంచి డునెడిన్:
విదేశాల ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయంలో బ్యాచిలర్ ఆఫ్ ఓరల్ హెల్త్ చదువుతున్నాను. మూడేళ్ల డిగ్రీ. ఇక్కడ హైజీనిస్టు పని, పిల్లల పళ్లకు ఫిల్లింగ్‌లు వేసే థెరపిస్టు పని కలిపి నేర్పుతారు. ఆక్లాండ్‌లో మరో విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి డిగ్రీ ఉంది. రోగుల కుర్చీ దగ్గరికి త్వరగానే పంపుతారు. అంతకు ముందు బొమ్మ తలల మీద నెలల తరబడి చేయించారు, నడుం విరిగింది.

ఈ దేశంలో దీనికి పాత చరిత్ర ఉంది. 1921లో వెల్లింగ్టన్‌లో బడి పిల్లల పళ్లు చూసే నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. అమెరికాలో అంతకు ముందే, 1913లో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఒక దంతవైద్యుడు హైజీనిస్టుల బడి తెరిచాడు. ఇక్కడ 18 ఏళ్లు నిండేదాకా పిల్లలకు మామూలు పళ్ల వైద్యం ఉచితం. అందులో పెద్ద భాగం మా లాంటివాళ్లే చూస్తారు. హౌస్‌సర్జన్ మేడమ్ అడిగిన ఉద్యోగం ఇక్కడ ఉద్యోగంగానే ఉంది.

అలాగని పరుగెత్తుకుని రావద్దు. విదేశీ విద్యార్థి ఫీజు చాలా ఎక్కువ, మా ఇంట్లో పొలం మీద అప్పు తెచ్చారు. ఆరు నెలల సర్టిఫికెట్టుతో వచ్చి ఇక్కడ రోగి నోట్లో చెయ్యి పెట్టలేరు, రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ పెట్టనివ్వరు.

బీడీఎస్ హౌస్‌సర్జన్:
ఇదే అంశం మీద మా వాళ్లకు ఒక మాట. బీడీఎస్ చేసి బ్రిటన్‌లో హైజీనిస్టుగా, థెరపిస్టుగా నమోదు చేసుకునే దారి ఒకటి ఉండేది. 2023లో దాన్ని మూసేశారు. ఇప్పటికీ ఆ దారి చూపించి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

కావలి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. కన్సల్టెన్సీ అతనికి ఫోను చేసి దంత మండలి నమోదు గురించి అడిగాను. ‘అదంతా విదేశాల్లో అడగరు సార్’ అన్నాడు. అక్కడితో అది అయిపోయింది. చెల్లెలు ఈ చర్చ మొత్తం చదివింది. తనకు బొమ్మలు వేయడం బాగా వచ్చు, ఆ మచ్చలు కుంచెతో వేసే సంగతి చదివినప్పటి నుంచి ల్యాబు పని అంటోంది. ల్యాబుల్లో అమ్మాయిలు ఉంటారా అన్నా? తనకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, అది ఇబ్బందా?

ప్లాస్టర్ చేతులు:
ఉంటారు. మా దగ్గర సిరామిక్ క్యాపులు చేసే బల్ల మీద ఇద్దరూ అమ్మాయిలే, ఆ పని నాకంటే వాళ్లే బాగా చేస్తారు.

ఆయాసం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చేరేలోపు ఛాతీ డాక్టరుకు చూపించి, ఈ పని చేయబోతున్నానని చెప్పి అడగండి. ట్రిమ్మింగ్ దుమ్ము, లోహం రాకే దుమ్ము, యాక్రిలిక్ ద్రవం ఘాటు, మూడూ ఊపిరితిత్తులకు మంచివి కావు. దుమ్ము లాగే యంత్రం లేని ల్యాబులో పనికి ఒప్పుకోవద్దు. ఆ ద్రవం మామూలు రబ్బరు గ్లవ్స్ గుండా కూడా చర్మంలోకి దిగుతుంది, కొందరికి వేళ్లు పగులుతాయి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ల్యాబు గదిలో కిటికీలు, ఫ్యాన్లు, దుమ్ము లాగే గొట్టాలు ఉన్నాయో లేవో చూడండి.

ఒంగోలు రావాలనుకుంటే ఒక రోజు ముందు ఇక్కడ సందేశం పెట్టండి. క్యాస్టింగ్ (లోహం కరిగించి పోసే పని) ఉన్న రోజు చూసి రమ్మంటాను. సాయంత్రం దాకా ఉంటే పని మొత్తం కనిపిస్తుంది.