గునహా, గునాహా? ఈ షేర్ (రెండు పాదాల ఉర్దూ పద్యం) పూర్తిగా ఎవరికైనా గుర్తుందా

కర్నూలోడు: వారం నుంచి ఒక లైను బుర్ర తినేస్తోంది. చిన్నప్పుడు మా వీధిలో టైలర్ తాత ఒకాయన మిషన్ తొక్కుతూ కూనిరాగం తీసేవాడు. చివర్లో "గునహ్ కా హిసాబ్" (పాపాల లెక్క) అని ఏదో అడగొద్దు అన్నట్టు వస్తుంది, ముందు ముక్క అస్సలు గుర్తు రావట్లేదు. "చెయ్యని పాపాలు" అనే మాట కూడా అందులోనే ఉన్నట్టు గుర్తు. ఉర్దూ కవి గాలిబ్‌దేనా? తాత గునాహ్‌ని పొట్టిగా గునహ్ అనేవాడు, పళ్ళు లేక అలా అంటున్నాడేమో అనుకునేవాణ్ణి.

రిటైర్డ్ లెక్చరర్: పళ్ళ తప్పు కాదు నాయనా, నీ ఊహదే తప్పు. గాలిబ్‌దే.

ఆతా హై దాగ్-ఎ-హస్రత్-ఎ-దిల్ కా షుమార్ యాద్
ముఝ్ సే మిరే గునహ్ కా హిసాబ్ ఐ ఖుదా న మాంగ్

పాతబస్తీ పిల్ల: "చెయ్యని పాపాలు" ఇందులో లేదు కర్నూలన్నా, నువ్వు రెండు షేర్లు కలిపి కుట్టేశావ్. అది "నాకర్దా గునాహోఁ కీ భీ హస్రత్ కీ మిలే దాద్, యా రబ్ అగర్ ఇన్ కర్దా గునాహోఁ కీ సజా హై". చేసిన పాపాలకి శిక్ష వేస్తావు సరే, చెయ్యలేకపోయానే అని కుమిలిన పాపాల సంగతేంటి, వాటికి దాద్ ఇవ్వవా అని దేవుణ్ణే నిలదీయడం. రెండూ గాలిబ్‌వే, రెంట్లోనూ హస్రత్ (తీరని కోరిక) ఉంది, అందుకే కలిసిపోయుంటాయి.

గణాల పిచ్చోడు: గునహ్ దగ్గరే ఆగండి, అసలు సంగతంతా అక్కడుంది. ముఝ్ సే మి / రే గు నహ్ క / హి సా బై ఖు / దా న మాంగ్. గగల, గలగల, లగగల, గలగ. మొదటిది అచ్చంగా మన త గణం. గునాహ్ అని సాగదీస్తే ఒక లఘువు ఎక్కువై పాదం కుంటుద్ది. తాతకి పళ్ళు లేకపోయినా తాళం ఉంది. ఇంకో విశేషం, "హిసాబ్ ఐ" కలిసి "హిసాబై" అయిపోయింది చూశారా, ఇది మన సంధి కాక మరేంటి!

రిటైర్డ్ లెక్చరర్: ఉర్దూ వాళ్ళు దాన్ని సంధి అనరు. "కా"ని "క" చేసేసి లెక్క కుదిరిందంటున్నావు, అలా అయితే నేనూ రాస్తాను గాలిబ్‌లాగా.

గణాల పిచ్చోడు: మాష్టారూ, ఉర్దూలో చివరి దీర్ఘాన్ని కుదించడానికి పర్మిషన్ ఉంది. నాకర్దా షేర్లో "కీ భీ" రెండూ లఘువులే, అక్కడ మాత్రం గునాహోఁలో "నా" గురువుగానే ఉండాలి. ఒకే కవి, ఒకచోట గునహ్, ఒకచోట గునాహ్.

ఫార్సీ వాసన: అసలు గునాహ్ అరబీ మాటే కాదు తెలుసా. ఫార్సీ, దాని పాత రూపం పహ్లవీలో వినాహ్. ఖురాన్‌లో "జునాహ్" అని కనపడేది ఇదే అరబీ చొక్కా తొడుక్కుని వచ్చిందని నా థియరీ.

పాతబస్తీ పిల్ల: మీ ఒక్కరి థియరీయేం కాదు, చాలామంది అన్నారు. అరబీ నిఘంటుకారులేమో "ఒరగడం" అనే జ-న-హ ధాతువు నుంచి తీస్తారు, దారి నుంచి పక్కకి ఒరిగితే పాపం. నాకదే నచ్చుద్ది.

కొత్తగా చేరా: నాదో చిన్న డౌట్. ఖురాన్ 39:53లో పాపాలన్నీ క్షమిస్తాడు, నిరాశపడొద్దు అని ఉంది కదా, మరి హిసాబ్ అంటే ఈయనకి భయమెందుకు? మనుషుల కర్మలు రాసే దేవదూతలు, కిరామన్ కాతిబీన్, అంటే మన చిత్రగుప్తుడేగా?

పాతబస్తీ పిల్ల: చిత్రగుప్తుడు ఊరందరికీ ఒక్కడే గుమాస్తా, ఇక్కడ మనిషికి ఇద్దరు, మంచి రాసేవాడొకడు చెడు రాసేవాడొకడు. 39:53 తౌబా (పశ్చాత్తాపం) చేసినవాళ్ళకి అని మా ఉస్తాద్ చెప్పేవారు, ఎందుకంటే 4:48లో షిర్క్‌ని (దేవుడికి సాటి కల్పించడాన్ని) మాత్రం క్షమించనని ఉంది, రెండూ కలిపే చదవాలి. ఇక హిసాబ్ భయం గాలిబ్ సొంత కవిత్వమేం కాదు. బుఖారీ హదీసుల్లో (ప్రవక్త మాటల సంకలనంలో) ఉంది, ఎవరి లెక్క గుచ్చిగుచ్చి అడుగుతారో వాడి పని అయిపోయినట్టేనని ప్రవక్త అంటే, ఆయన భార్య హజ్రత్ ఆయిషా వెంటనే అడిగింది, మరి ఖురాన్‌లో "తేలికైన హిసాబ్" అనుందే అని (84:8). అది లెక్క అడగడం కాదు, చిట్టా ఊరికే చూపించడం అన్నారు. కాబట్టి "న మాంగ్" చక్కటి దువా (ప్రార్థన), పైకి పొగరులా కనిపిస్తుంది గానీ.

రిటైర్డ్ లెక్చరర్: దువాయా! మొదటి పాదం చూడమ్మా. నువ్వు పాపాల లెక్క తీస్తే నాకు తీరని కోరికల మచ్చల లెక్క గుర్తొస్తుంది అంటున్నాడు. నువ్వు ఖాతా తెరిస్తే నేనూ తెరుస్తాను అని బెదిరింపు. మన రామదాసు చెయ్యలేదూ? తహసీల్దారు, లెక్కల్లో ఇరుక్కుని గోల్కొండ జైల్లో కూచుని, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయిందో రాముడికే బిల్లు చూపించాడు. ఆ కీర్తన వింటే నాకిప్పటికీ...

గణాల పిచ్చోడు: మాష్టారు రామదాసులోకి దిగారు, ఇక రేపటిదాకా రారు.

ఫార్సీ వాసన: "దాద్" ఎవరూ పట్టించుకోలేదేం? మన "దాదూ లేదు ఫిర్యాదూ లేదు"లో దాదు ఇదే, న్యాయం. ముషాయిరాలో (కవి సమ్మేళనంలో) వాహ్ వాహ్ అనడమూ దాదే. గాలిబ్ దేవుణ్ణి న్యాయం అడిగాడా, చప్పట్లడిగాడా?

పాతబస్తీ పిల్ల: చప్పట్లే! తమాషా ఏంటంటే హదీసులో దానికీ జవాబుంది, చెడ్డ పని చేద్దామనుకుని మానుకుంటే ఒక పూర్తి పుణ్యం రాస్తారట.

రిటైర్డ్ లెక్చరర్: మానుకుంటే! గాలిబ్ మానుకోలేదు, కుదర్లేదు. అందుకేగా హస్రత్.

కొత్తగా చేరా: మాఫీ కూడా ఇదే కుటుంబమా? మాకు రుణమాఫీ ఒక్కటే తెలుసు 😀

ఫార్సీ వాసన: మాఫీ "అఫ్వ్" నుంచి, తుడిచెయ్యడం. మగ్ఫిరత్ (దేవుడి క్షమ) వేరు, కప్పెయ్యడం, అదే ధాతువులోంచి శిరస్త్రాణానికి మిగ్ఫర్ అని పేరు. తుడిస్తే చిట్టాలో గీతే ఉండదు, కప్పితే ఉంటుంది గానీ ఎవరికీ కనపడదు. రెండోదే పెద్ద దయ అని నేనంటాను.

పాతబస్తీ పిల్ల: కానీ రెండూ దేవుడి బాకీకే. మనుషుల బాకీ మనుషులే మాఫీ చెయ్యాలి. ముస్లిం అనే హదీసు సంకలనంలో ముఫ్లిస్ (దివాలా తీసినవాడు) ఉన్నాడుగా, నమాజులు రోజాలు (ఉపవాసాలు) మూటగట్టుకొస్తాడు, కానీ ఒకణ్ణి తిట్టాడు ఒకడి సొమ్ము తిన్నాడు, పుణ్యాలన్నీ వాళ్ళకి పంచేసరికి అయిపోతాయి, ఆ తర్వాత వాళ్ళ పాపాలు వీడి నెత్తిన. హిసాబ్‌లో అసలు భయం అక్కడ.

కర్నూలోడు: ఓహ్. తాత కుట్టడం అయ్యాక జానెడు పేలిక మిగిలినా మడిచి చొక్కా జేబులో పెట్టి ఇచ్చేవాడు. మా అమ్మ ఇదెందుకు భాయ్ అంటే "మీదే కదమ్మా" అనేవాడు, అంతే. ఇప్పుడు ఆ పాట వేరేగా వినపడుతోంది. ఒక్కటి మాత్రం, ఆయన "న మాంగ్" అనేవాడు కాదనుకుంటా, "మత్ మాంగ్" అన్నట్టే నా చెవిలో ఉంది.

గణాల పిచ్చోడు: కుదరదు. "దా న మాంగ్"లో "న" లఘువు, "మత్" పెడితే గురువు.

రిటైర్డ్ లెక్చరర్: ఇందాక "కా"నే నొక్కి "క" చేసినవాడివి, తాత కోసం "మత్"ని ఆ మాత్రం నొక్కలేవా?

గణాల పిచ్చోడు: హల్లుతో ఆగేదాన్ని ఎట్లా నొక్కుతారు మాష్టారూ!! కర్నూలోడా, ఏ రాగంలో పాడేవాడో వాయిస్ నోట్ పెట్టు, తేల్చేద్దాం.