చెడు వాసన అంటే ఈ అసహ్యం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకున్నదా?

నాన్న మంచాన పడ్డ ఏడాది నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. పుండుకు కట్టు మార్చేటప్పుడు మొదట్లో నాకు కడుపులో తిప్పేసేది. కొన్నాళ్లకు ఆ వాసన తెలియడమే మానేసింది. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం గుమ్మం దగ్గరే ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకునేవారు. నాన్న మొహం గోడవైపు తిప్పేసుకునేవారు.

అందుకే దీని చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. యూరప్‌లో 19వ శతాబ్దం దాకా చెడు గాలే జబ్బులు తెస్తుందని గట్టిగా నమ్మారు. ప్లేగు వైద్యులు పక్షి ముక్కులాంటి ముసుగులో సువాసన మూలికలు కూరుకునేవారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండన్ పార్లమెంటు కర్టెన్లను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో తడిపి వేలాడదీశారు. ఆ కంపు వల్లే బజల్‌గెట్ అనే ఇంజనీరు రూపొందించిన మురుగు కాలువలకు డబ్బు మంజూరైంది. కలరా నీటి వల్ల వస్తుందని జాన్ స్నో అనే వైద్యుడు 1854లోనే చూపించినా, చాలామంది ఒప్పుకోలేదు.

సరే, తర్వాత సూక్ష్మజీవుల సంగతి తేలింది. మరి వాసన వచ్చే మనిషిని తక్కువగా చూడటం ఎందుకు పోలేదు? చెమట, నోటి వాసన ఎప్పటి నుంచి సిగ్గుపడే విషయాలయ్యాయి? 1920లలో లిస్టరిన్ అనే మౌత్‌వాష్ ప్రకటనలు నోటి దుర్వాసనను పెద్ద భయంగా మార్చాయని తెలుసు, అంతకుముందు సంగతే కావాలి. పసిపిల్లలు తమ మలాన్ని చూసి ముక్కు మూసుకోరు కదా, వాళ్లకు నేర్పేది మనమేనా?

ఈ విషయం చదివినవారు, రోగులకు సేవ చేసినవారు దయచేసి చెప్పండి. తెలుగులో పుస్తకం ఉన్నా చెప్పండి.