సమస్య: ‘శిశిరమె చిగురించెఁ జెట్టు నిండ’

నిర్వాహకుడు: ఈ పాదమే చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈసారి పాదం రాస్తూ నాకే నవ్వొచ్చింది. ఋతువూ రావాలి, మనిషిలో మార్పూ రావాలి. ఒట్టి వర్ణనలు వద్దు. మంచు పడే శిశిరం వేరు, నీరెండిపోయే శిశిరం వేరు. ఎవరి శిశిరం వాళ్ళు రాయండి.

పిల్లకాకి:
రాలె నాకు లనుచు రందియేల మనస!
తొడిమ చెంత దాగి తొంగి చూచు
మొగ్గ నరసి పిదప మోమెత్తి పలుకుమా
శిశిరమె? చిగురించెఁ జెట్టు నిండ

గురులఘువు: దిగులుకి ‘రంది’ అన్నమాట ఆ చోట భలే కుదిరింది. కానీ మళ్ళీ ప్రశ్నార్థకమేనా? కిందటి సమస్యనూ ఈ విరుపుతోనే గట్టెక్కించారు. ఆ గుర్తు చెరిపేస్తే పద్యం కూలబడుతుంది.

పిల్లకాకి: కిందటిసారి ‘నిజమె?’ అంటే చెవికి వినబడిన ప్రశ్న, ఇప్పుడు ‘శిశిరమె?’ అంటే వినబడదా? నా పద్యానికి ఆయువుపట్టు ‘తొడిమ చెంత’. ఆకు పచ్చగా ఉన్నప్పుడే కాడకీ కొమ్మకీ మధ్య పంగలో మొగ్గ తయారై కూర్చుంటుంది. మీరు చివరి గుర్తు దగ్గరే ఆగిపోయారు.

నెరసినకలం:
కారుమబ్బు వంటి కరకు పొగరు దీరె
తలను వెండితీగ తళుకు లీనె
వయసు నేర్పె నొదుగ వాదమ్ము లిక చాలు
శిశిరమె చిగురించెఁ జెట్టు నిండ

తూనికరాయి: మళ్ళీ తలనెరుపు! వాన మీద సమస్య ఇచ్చినప్పుడూ ఈయన జుట్టే ఆరబెట్టుకున్నారు. సరే, చెట్టేదండీ? మూడు పాదాల దాకా లేనిది నాలుగో పాదంలో హఠాత్తుగా మొలిచింది. దేహాన్ని ముందే చెట్టు చేసి పెట్టాలి. మూడో పాదం ఇలా మార్చి చూడండి: ‘మేను మ్రాను గాగ మెలకువ వచ్చెను’.

నెరసినకలం: ‘మ్రా’ ముందు ‘ను’ గురువైపోదూ, రెండు మాత్రలు పలకదూ?

తూనికరాయి: వేరు పదం, సమాసం కాదు. లఘువే, ఒక్క మాత్రే.

గురులఘువు: సవరణతో చెట్టొచ్చింది, మనిషి పోయాడు. వయసు ఒదుగు నేర్పడమే కదా అందులో మార్పు! దాన్నే కొట్టేశారు.

ఆకుపసరు:
గాలి ద్రుంచలేదు కొమ్మయే విడిచెను
పసరు వెనుకఁ దీసి పదిలపరచి
వదలవలయు నదియె వదిలిన నరునకు
శిశిరమె చిగురించెఁ జెట్టు నిండ

పిల్లకాకి: గా–కొ! గురులఘువు గారి శిష్యులై ఉండి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి ఉండాల్సిన పొత్తు, జారితే ఎలా? హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ‘కాడయే విడిచెను’ అనండి, యతితో పాటు వృక్షశాస్త్రమూ కుదురుతుంది. పగటివేళ తగ్గినా, నీటికి కరువొచ్చినా ఆకులో దాన్ని నిలిపి ఉంచే హార్మోను ఆక్సిన్ తగ్గి, రాల్చే హార్మోను ఇథిలీన్‌ది పైచేయి అవుతుంది. కాడ మొదట్లో ఒక పలచటి పొరలోని కణాలు పట్టు వదిలేస్తాయి. ఆపైన గాలి ఊరికే తోస్తుందంతే. రెండో పాదానికి మాత్రం వంక పెట్టలేను. పత్రహరితం విరిగిపోయి, నత్రజని, భాస్వరం చాలా మటుకు కొమ్మలోకి మళ్ళాకే ఆకు రాలుతుంది. వదిలెయ్యడమంటే పారెయ్యడం కాదని ఆ ‘పదిలపరచి’ ఒక్కటే చెప్పేసింది.

గురులఘువు: యతి తప్పే, ఒప్పుకున్నాం. శాస్త్రం దాకా వచ్చారు గనుక అడుగుతున్నా: పచ్చగా ఉండగానే విరిగి వేలాడే కొమ్మకి ఆకులు ఎండి కూడా అంటుకునే ఉంటాయి, ఎందుకని? ఆ పొర ఏర్పడాలంటే కొమ్మలో ప్రాణం ఉండాలి. మీ మొగ్గకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

విరిగి యెండు కొమ్మ విడువ దాకు నెపుడు
ప్రాణ మున్న మ్రానె పండుటాకు
రాల్చు, నట్లె పాత రాగమ్ము రాల్చగ
శిశిరమె చిగురించెఁ జెట్టు నిండ

తూనికరాయి: ‘పండుటాకు’ పాదం చివర వేలాడి, తర్వాతి పాదంలో ‘రాల్చు’ అనగానే రాలింది. కావాలని చేశారో, గణాలు అలా తోశాయో గానీ, భేష్.

పిల్లకాకి: గణాలే తోసుంటాయి. ‘రాగమ్ము’ అంటే పాట అనుకునేవాళ్ళూ ఉంటారు, చూసుకోండి. ఇంకేమైనా దొరికితే రేపు చెబుతా.

నెరసినకలం: అది సరే, నా జుట్టు సంగతేం తేల్చారు?