అడ్డం వచ్చింది అనుభవం లేకపోవడమా, మేనేజరు గారి జాలా?

నాగావళి గట్టు (రాయగడ):
మాది రాయగడలో ఒక చిన్న రుణ సంస్థ. ఆరు శాఖలు, ఆరుగురు మేనేజర్లు, అందరూ మగవాళ్లే. పద్నాలుగేళ్లుగా నేను లెక్కల పుస్తకాలు చూస్తున్నాను. ఈమధ్య గుణుపురం శాఖ మేనేజరు పోస్టు ఖాళీ అయితే దరఖాస్తు పెట్టాను. నా తర్వాత ఆరేళ్లకు చేరిన అబ్బాయికి ఇచ్చారు. ‘‘గ్రామాలు తిరిగిన అనుభవం నీకు లేదమ్మా’’ అన్నారు మా మేనేజరు గారు. నిజమే, లేదు. కాశీపూర్ లైను, అంటే ఆ వైపు ఊళ్లు తిరిగి వసూళ్లు చేసే పని, ఖాళీ అయిన ప్రతిసారీ ‘‘కొండదారి, చీకటి పడితే బస్సు ఉండదు, నీకెందుకమ్మా శ్రమ’’ అని నన్ను తప్పించింది కూడా ఆయనే. చెడ్డవారు కాదు. అప్పట్లో నాకు హాయిగానే అనిపించింది, అదీ దాచను. ఇప్పుడు యాజమాన్యం సలహాలు అడుగుతోంది. ఆరింట రెండు శాఖలు ఆడవాళ్లకు కేటాయించమనాలా, పేర్లు దాచి దరఖాస్తులు చూడమనాలా?

బరంపురం బాటసారి:
కేటాయింపు మాత్రం వద్దు. కుర్చీ ఎక్కిన రోజు నుంచి ‘‘కోటాలో వచ్చింది’’ అంటారు, ఎంత పని చేసినా ఆ మాట పోదు. మీరే హాయిగా అనిపించింది అంటున్నారు, మరి దీన్ని వివక్ష అనడం ఎలా? గ్రామాలు తెలియనివారికి శాఖ అప్పగిస్తే మునిగేది సంస్థ. పేర్లు దాచడం మేలు.

గుణుపురం లెక్కల టీచర్:
ఆరు శాఖల సంస్థలో పేర్లు దాచడమా? చేతిరాత చూసి ఎవరిదో అటెండరే చెప్పేస్తాడు. అమెరికా ఆర్కెస్ట్రాల్లో కళాకారులను ఎంచుకోవడానికి మనిషి కనబడకుండా తెర కట్టి వాయిద్యం విన్నారంటే, వచ్చినవాళ్లు చాలామంది ముక్కూ మొహం తెలియనివాళ్లు కాబట్టి కుదిరింది.

అయితే పేరు పని చేయదని అనను. అమెరికాలో 127 మంది సైన్సు ప్రొఫెసర్లకు ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో చూపించారు. ఆ పరిశోధన 2012లో వచ్చింది. జాన్‌కు సగటున ఏడాదికి 30,238 డాలర్ల జీతం ఇవ్వొచ్చన్నారు, జెన్నిఫర్‌కు 26,508. ఆడ ప్రొఫెసర్లూ అలాగే అన్నారు. కాబట్టి ఇది మగవాళ్ల మీద ఫిర్యాదు కాదు, బాటసారి గారూ.

మన ఊళ్ల సంగతి ఇంకొకటి. మా బడి ఆఫీసులో గుమాస్తా కూడా ‘‘బాబు’’, అంటే అయ్యగారు. ఆయనకు పైన ఉన్న ఆవిడ ‘‘దీదీ’’, అంటే అక్క. కష్టసుఖాలు చెప్పుకోవడానికి దీదీ, సంతకానికి బాబు!

పర్లాకిమిడి పెద్దాయన:
కోటా ముద్ర గురించి ఒక మాట. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చింది. ఒడిశా 2012 ఎన్నికల నుంచి సగం చేసింది. మొదట్లో మా ఊళ్లో సర్పంచి కుర్చీ పక్కన ఆమె భర్తకూ ఒక కుర్చీ వేసేవారు. అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాతి విడతలో మరొకావిడ వచ్చి బోరుబావుల లెక్క అడిగింది. భర్త బయట సైకిలు దగ్గర నిలబడేవాడు.

పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతో, ఆడ గొంతుతో వినిపించి చూశారు. 2009లో అచ్చయింది. మహిళా ప్రధాన్‌ను (అక్కడి సర్పంచిని) ఎన్నడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. కేటాయింపు వల్ల చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు పోయింది. బాటసారి గారికి పనికొచ్చే సంగతీ నేనే చెబుతాను: నాయకులుగా ఎవరు ఇష్టం అని నేరుగా అడిగితే మాత్రం అక్కడి మగవాళ్ల జవాబు పెద్దగా మారలేదు.

బరంపురం బాటసారి:
పంచాయతీ వేరు, రుణ సంస్థ వేరు మాస్టారూ. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల బోర్డులో ఒక మహిళ ఉండాలంటే, యజమాని భార్యనో చెల్లెలినో కూర్చోబెట్టినవారు లేరా?

కొండదారి (బిస్సంకటక్):
పదకొండేళ్లుగా వసూళ్ల పని చేస్తున్న ఆడదాన్ని. మీరంతా పెళ్లిపీటల దగ్గర తగవు పడుతున్నారు. సంబంధం చెడింది పెళ్లిచూపుల నాడే. లైన్లు పంచిన రోజు ఆమెను అడగకుండానే ‘‘పాపం’’ అన్నారు చూడండి, మేనేజరు పోస్టు ఆ రోజే పోయింది.

మా దగ్గర ఏటా ఏప్రిల్‌లో చీటీలు వేసి లైన్లు పంచుతారు. వద్దనుకుంటే, ఆడైనా మగైనా, కారణం కాగితం మీద రాసివ్వాలి. మొదటి ఏడాది రాసిచ్చిన ముగ్గురూ మగవాళ్లే. ఒకాయనకు ఘాట్ రోడ్డులో కళ్లు తిరుగుతాయట, పాపం! చివరి సమావేశం సాయంత్రం నాలుగుకు ముగించాలని నియమం పెట్టాక మగవాళ్లే ఎక్కువ సంతోషించారు. మరుగుదొడ్డి కోసం మాత్రం రెండేళ్లు పోట్లాడవలసి వచ్చింది. మా సంఘాల్లో అప్పు తీసుకునేవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల దగ్గరికి ఆడవాళ్లను పంపడానికి భయమేమిటో నాకు నేటికీ అర్థం కాదు.

బరంపురం బాటసారి:
చీటీలకు అభ్యంతరం లేదు. కేటాయింపు మీద నా మాట అదే.

నాగావళి గట్టు (రాయగడ):
చీటీల పద్ధతి రాసిచ్చాను. ఆరింట రెండు శాఖలూ అడిగాను, బాటసారి గారు క్షమించాలి. చీటీలతో అనుభవం వచ్చేసరికి ఇంకో నాలుగేళ్లు పడుతుంది, నాకిప్పుడే నలభై ఆరు. అందాకా కాశీపూర్ లైను కూడా అడిగాను. మేనేజరు గారు కాగితం చదివి ‘‘ఇంట్లో ఏమంటారమ్మా?’’ అన్నారు. ఆ అబ్బాయిని పంపేటప్పుడు వాళ్లింట్లో అడిగారా సార్ అన్నాను. కాసేపు ఆలోచించి, లేదన్నారు.

సోమవారం నుంచి వెళ్లమన్నారు. హెల్మెట్ కొనాలి.