ఉప్పుగాలికి టేకు తలుపు మెరుపు నిలవాలంటే?

ప్రశ్న: మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ, తూర్పు వాకిలి. వీధి తలుపు పాలిష్ ఏడాదికే పొరలుగా లేచిపోతోంది. అద్దంలా మెరుస్తూ ఎండకి ఆగేది ఏం వేయించాలండీ?

జవాబు: మెలమైన్, ఫ్రెంచ్ పాలిష్ లోపలి ఫర్నిచర్‌కే అండి. యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాల) రక్షణ ఉన్న ఎక్స్‌టీరియర్ పీయూ, అంటే బయటి చెక్కకి వేసే పాలీయురేథేన్ పాలిష్ అడగండి. పాత పొర మొత్తం గీకించి, టేకులో నూనె ఉంటుంది కాబట్టి థిన్నర్‌తో తుడిపించి, మొదటి కోటు పల్చగా వేయిస్తే చెక్కలోకి ఇంకుతుంది. ప్రతి కోటు ఆరాక 320 నంబరు ఎమరీ పేపరుతో (గరుకు కాగితం) రుద్ది దుమ్ము తుడవాల్సిందే, లోతైన మెరుపంతా ఆ రుద్దుడులోనే ఉంది, ఒకేసారి మందంగా పూస్తే రాదు.

జవాబు: తలుపు కింది అంచు మర్చిపోకండి! నీళ్లు పీల్చేది అక్కడే. తలుపు దింపించి మరీ వేయించండి.

జవాబు: వానాకాలంలో మాత్రం వద్దు, తేమకి మెరుపు మసకబారుతుంది. జనవరి, ఫిబ్రవరి మంచిది.